ఏడు బంగారు నగరాలు, ఒక గులామ్

మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న మగ్రిబ్ నమాజ్ అయ్యాక వచ్చి నా పక్కన కూర్చుంది. బంగారు నగరాలున్నాయని నమ్మి స్పెయిన్ వాళ్లు అమెరికా ఖండమంతా అడవులు, ఎడారులు పట్టుకు తిరిగారని క్లాసులో చెప్పారట. "అబ్బా, ఇత్తే పడే లిఖే లోగాఁ, కైసే యఖీన్ కర్లియే?" అని అడిగింది. సముద్రాలు దాటిన వాళ్లు, నక్షాలు గీసిన వాళ్లు, లేని ఊరిని ఎట్లా నమ్మారని దాని అనుమానం.

"లాలచ్, బేటా" అన్నాను.

మా ఉర్దూ మీడియం స్కూల్లో తారీఖ్ చెప్పిన ఉస్తాద్ కూడా నాకు ఇదే జవాబు చెప్పారు. ఆయన వాడిన మాట 'హవస్'. బోర్డు మీద రాసి, కింద గీత గీసి, సబఖ్ ముగించారు. ముప్పై ఏళ్లుగా నేను ఆ జవాబుతోనే సరిపెట్టుకున్నాను. అమ్మాయి సరిపెట్టుకోలేదు.

"లాలచ్ అందరికీ ఉంటది కదా అబ్బా. మన మోహల్లాల లేదా? మరి అందరూ ఎందుకు పోలేదు?"

నా దగ్గర జవాబు లేదు. పుస్తకాలు తీశాను. చదువుతూ పోతుంటే ఆ దాస్తాన్ మొదట్లోనూ మనవాళ్లే, నడిమధ్యలోనూ మనవాడే కనిపించాడు. అమ్మాయికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెప్తున్నాను.

711లో తారిఖ్ బిన్ జియాద్ ఫౌజ్ సముద్రం దాటి స్పెయిన్‌లో అడుగుపెట్టింది. ఆయన దిగిన కొండే జబల్ అల్ తారిఖ్, నేటి జిబ్రాల్టర్. ఇది మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన సంగతే. అయితే మనం దీన్ని గెలిచినవాళ్ల వైపు నుంచే విన్నాం. ఓడినవాళ్ల ఇళ్లలో వేరే ఖిస్సా పుట్టింది. ముస్లిం ఫౌజ్‌కు భయపడి ఏడుగురు బిషప్పులు తమ జనాన్ని, పశువుల్ని, సామాన్లను ఓడలకెక్కించుకుని పడమటి సముద్రంలోకి పారిపోయారట. ఎక్కడో ఆంటిలియా అనే ద్వీపం దొరికితే అక్కడ తలా ఒక నగరం కట్టుకున్నారట. అవే ఏడు నగరాలు. 1492లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మార్టిన్ బెహైమ్ తయారు చేయించిన గ్లోబు ఇప్పటికీ ఉంది. దాని మీద ఆ ద్వీపం గీసి, 734లో పోర్టో ఆర్చిబిషప్పు, మరో ఆరుగురు బిషప్పులు అక్కడికి చేరారని పక్కన రాశారు కూడా.

మొదట్లో ఇది పోగొట్టుకున్న తమవాళ్ల గురించి చెప్పుకునే దుఃఖపు ఖిస్సా. నావికుల నోళ్లలో నలిగే కొద్దీ ఆ ద్వీపపు ఇసుకలో బంగారం కలిసింది.

బంగారమే ఎందుకు కలిసింది? యూరప్ దగ్గర సోనా తక్కువ. వాళ్లకు కావాల్సిన మిరియాలు, పట్టు, సుగంధ ద్రవ్యాలన్నీ తూర్పు నుంచి రావాలి. వాటికి బదులివ్వడానికి వెండి, బంగారం తప్ప వాళ్ల దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఆ బంగారంలో చాలా భాగం సహారా ఎడారికి దక్షిణాన పుట్టి, మన తాజిర్ల ఒంటెల మీద ఉత్తరానికి వచ్చేది. గనులెక్కడున్నాయో యూరప్ వాళ్లకు కనిపించదు. వాళ్ల కంటికి కనిపించేది ఒంటె ఒక్కటే. 1324లో మాలీ సుల్తాన్ మన్సా మూసా హజ్‌కు వెళ్తూ కైరోలో ఆగి పంచిన బంగారానికి అక్కడి బజారులో సోనా ధర పడిపోయింది. ఏళ్లు గడిచినా పూర్తిగా కోలుకోలేదని అల్ ఉమరీ రాశాడు. ఆ మాట మధ్యధరా సముద్రం దాటింది. 1375 నాటి కాటలాన్ అట్లాస్‌లో మన్సా మూసా సింహాసనం మీద కూర్చుని, చేతిలో బంగారు ముద్ద పట్టుకుని ఉంటాడు. ఆ బొమ్మ చూసిన ప్రతి సాహుకారుకు కలిగే ఆలోచన ఒక్కటే: మధ్యలో ఉన్న ఒంటెలవాళ్లను తప్పించి, నేరుగా అక్కడికి పోతే?

పోర్చుగల్ వాళ్లు ఆ పని మొదలుపెట్టారు. 1415లో మొరాకోలోని సబ్తా, అంటే సియూటా పట్నాన్ని పట్టుకున్నారు. ఆఫ్రికా తీరం వెంట దిగుతూ పోయారు. 1513లో అజెమ్మూర్ అనే మరో మొరాకో పట్నం వాళ్ల చేతికొచ్చింది. ఈ ఊరి పేరు కాస్త గుర్తుపెట్టుకోండి. దీనితో మనకు పని ఉంది.

ఇక కొలంబస్. 1492 జనవరి 2న గ్రనాడా తాళంచెవులు ఫెర్డినాండ్, ఇసాబెల్లా చేతికి అందాయి. అందలుస్‌లో మన చివరి సల్తనత్ ముగిసింది. ఆ రోజుల్లో కొలంబస్ అక్కడే ఉన్నాడు. ఏప్రిల్‌లో అతనికి యాత్రా ఇజాజత్ దొరికింది. అదే డిసెంబరు 26న అతను తన రోజ్‌నామ్చాలో రాసుకున్న సంగతి చదివి నేను కాసేపు ఆగిపోయాను. ఈ యాత్రలో దొరికే లాభమంతా బైతుల్ మఖ్దిస్‌ను, అంటే జెరూసలేమ్‌ను గెలవడానికి ఖర్చు పెట్టాలని రాజు, రాణిని కోరానని రాశాడు. బంగారం అతనికి ఇల్లు నింపుకునే సొత్తు మాత్రమే కాదు, యుద్ధానికి ఖజానా కూడా. వెంట తీసుకెళ్లిన దుబాసీ లూయిస్ దె తోర్రెస్‌కు హీబ్రూతో పాటు కొంత అరబ్బీ వచ్చు. చైనా చక్రవర్తి దర్బారుకు పోతున్నాం, అక్కడ అరబ్బీ తెలిసినవాళ్లు ఉంటారని వాళ్ల లెక్క. క్యూబా ద్వీపంలో లోపలికి పంపింది ఈ తోర్రెస్‌నే. ఆ ఊరివాళ్లు అరబ్బీ వింటే ఏమనుకునేవారో!

కొలంబస్ దగ్గర ఉన్న మార్కో పోలో పుస్తకం ఇప్పటికీ సెవిల్ నగరంలో ఉంది. అంచుల్లో చేతిరాతతో గుర్తులున్నాయి. బంగారు రేకులు కప్పిన మహలు ఉన్న జపాన్ గురించి రాసింది అందులోనే. మన సంగతి కూడా అందులో ఉంది. 'ముత్ఫిలీ' అని రాసింది ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు గురించే. ఒక రాణి పాలిస్తున్న రాజ్యమని రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి. అక్కడి లోయల్లో వజ్రాలుంటాయనీ, పాముల భయానికి ఎవరూ దిగరనీ, పైనుంచి మాంసపు ముక్కలు విసిరితే వాటికంటుకున్న వజ్రాలను గద్దలు మోసుకొస్తాయనీ రాశాడు. ఇదే ఖిస్సా సింద్‌బాద్ రెండో సఫర్‌లోనూ ఉంది. మా దాదీ మాకు చెప్పిన పద్ధతిలో అయితే గద్ద రెక్కలు మా ఇంటి కప్పంత ఉండేవి.

మన కృష్ణా తీరంలో వజ్రాలు దొరికింది నిజం. పాములు, గద్దలు ఖిస్సా. సగం నిజం ఉంది కాబట్టే మిగతా సగం కూడా బతికింది. తర్వాతి రోజుల్లో మన గోల్కొండ పేరే తరగని సంపదకు ఇంగ్లిష్‌లో మారుపేరైంది. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో గనుల కోసం పుట్టిన ఒక ఊరికి ఆ పేరే పెట్టుకున్నారు. మనం కూడా ఒకరి బంగారు నగరమే అన్నమాట.

అమ్మాయి ఇంతవరకు విని, "ఖిస్సా వినడం వేరు, ఇల్లు వాకిలి వదిలి పోవడం వేరు కదా అబ్బా" అంది. అవును. ఖిస్సా ఒక్కటే చాలదు, సుబూత్ కావాలి.

ఆ సుబూత్ రెండుసార్లు దొరికింది. 1519లో కోర్తెస్ మెక్సికో తీరంలో దిగాడు. అక్కడి గుళ్లను తన ఉత్తరాల్లో 'మస్జిద్‌లు' అని రాశాడు. తమది కాని ప్రార్థనాస్థలం అంటే ఆనాటి స్పెయిన్ మనిషికి నోట్లోకొచ్చే మాట అదే. 1521 నాటికి సరస్సు నడుమ కట్టిన టెనోచ్టిట్లాన్ మహానగరం అతని వశమైంది. 1532 నవంబరులో పిజారో, వెంట నూట డెబ్బై మందికి కాస్త తక్కువగా ఉన్న దళంతో, పెరూలోని కహమార్కాలో ఇంకా చక్రవర్తి అతవాల్పాను ఖైదు చేశాడు. ఖైదీ తన విడుదలకు ఒక గది చూపించాడు. సుమారు 22 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు. చెయ్యెత్తిన ఎత్తు దాకా దాన్ని ఒకసారి బంగారంతో, రెండుసార్లు వెండితో నింపిస్తానన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. దేవుళ్ల బొమ్మలు, గిన్నెలు, గోడల రేకులు అన్నీ కరిగిస్తే 6 టన్నుల బంగారం, 11 టన్నులకు పైగా వెండి తేలింది. ఒక్కో గుర్రపు సైనికుడికి 40 కిలోల దాకా బంగారం పంచారు. అతవాల్పాను మాత్రం వదల్లేదు. 1533లో గొంతు బిగించి చంపేశారు.

ఆ గది సంగతి స్పెయిన్ రేవులకు చేరాక లెక్క తారుమారైంది. అంతకుముందు బంగారు నగరం ఉందన్నవాడు దీవానా. ఇప్పుడు లేదన్నవాడు దీవానా.

ఇది నాకు పుస్తకంలో కంటే ముందు మా ఇంట్లోనే అర్థం కావాల్సింది. నా చిన్నప్పుడు మా మోహల్లా నుంచి ఒకాయన దుబాయ్ పోయి మూడేళ్లకు తిరిగొచ్చాడు. మెడలో చైన్, చేతికి గడియారం, భుజాన పెద్ద టేప్ రికార్డర్. ఆరు నెలల్లో పక్కా ఇల్లు లేచింది. ఆ తర్వాత ఊళ్లోకి ఒక ఏజెంట్ దిగితే, అతను ఏం చెప్పినా జనం విన్నారు. అబద్ధం ఏజెంట్‌దే అయినా సుబూత్ మాత్రం ఆ పక్కా ఇల్లే. మా చాచా వెళ్తానంటే దాదీ తన సోనే కీ చూడియాఁ తీసి ఇచ్చింది. మా చాచా లాలచీ మనిషి కాదు. పెళ్లి కావాల్సిన ఇద్దరు చెల్లెళ్లున్న మనిషి. రెండేళ్లకు ఒక కంబళి, ఒక సూట్‌కేసుతో తిరిగొచ్చాడు. గాజులు తిరిగి రాలేదు. మధ్యలోనే ఎందుకు వచ్చేయలేదని ఒకసారి అడిగాను. "కిస్ ముఁహ్ సే ఆతా?" అన్నాడు. ఏ మొహం పెట్టుకుని వస్తాననేదే ఆయన జవాబు.

స్పెయిన్ యాత్రల్లోనూ ఉన్నది ఈ మొహమే. మనం అనుకున్నట్టు రాజు ఖజానాలోంచి ఖర్చు పెట్టి పంపిన ఫౌజులు కావవి. రాజు ఇచ్చేది కాగితం, ముద్ర. ఓడలు, గుర్రాలు, తిండి, తుపాకులు అన్నీ నాయకుడే సొంతంగానో అప్పు చేసో సమకూర్చుకోవాలి. సైనికుడికి తలబ్ లేదు. తన గుర్రం తనే కొనుక్కుని రావాలి, దొరికిన దాంట్లో హిస్సా తీసుకోవాలి. రాజుకు ఐదో వంతు. స్పానిష్‌లో దాన్ని 'క్వింతో' అంటారు. అందలుస్ రోజుల్లో అమలైన మన 'ఖుమ్స్' నుంచే అది వచ్చిందని చెప్పే చరిత్రకారులున్నారు. ఏమీ దొరక్కపోతే రాజుకు పోయేది లేదు. మునిగేది నాయకుడు, అతన్ని నమ్మిన సైనికుడు. ముందుకు పోతే చావు రావచ్చు, రాకపోవచ్చు. వెనక్కి వస్తే సాహుకారు తప్పకుండా ఉంటాడు. అందుకే ఒక చోట బంగారం దొరక్కపోతే 'లేదు' అనుకోలేకపోయారు. 'ఇంకా ముందుంది' అనుకున్నారు.

ఇప్పుడు అజెమ్మూర్‌కు వద్దాం.

1520ల మొదట్లో ఆ ప్రాంతమంతా ఘోరమైన ఖహత్. ఆకలికి జనం పిల్లల్ని అమ్ముకున్నారు, తమను తాము అమ్ముకున్నారు. పోర్చుగీసు ఓడలు వాళ్లను స్పెయిన్ బజారులకు మోసుకెళ్లాయి. అలా అమ్ముడైన నల్లజాతి యువకుడు ఒకడు ఆంద్రెస్ దొరాంతెస్ అనే స్పెయిన్ దొర చేతికొచ్చాడు. ముస్లింలు కొత్త ఖండానికి పోవడం నిషేధం. అతనికి బాప్తిస్మం పేరు ఎస్తెవాన్. అందరూ పిలిచింది 'ఎస్తెవానికో' అని, అంటే 'చిన్న ఎస్తెవాన్'. పెద్దవాడైనా మన దగ్గర పనిమనిషిని 'ఛోటూ' అన్నట్టు. అమ్మా నాన్న పెట్టిన పేరు ఏ కాగితం మీదా లేదు. ఈ రోజుల్లో ఆయన్ని ముస్తఫా అల్ అజెమ్మూరీ అని రాస్తున్నారు. అది తర్వాతివాళ్లు గౌరవంతో పెట్టుకున్న పేరు.

1527లో నార్వాయెజ్ అనే నాయకుడి వెంట ఐదు ఓడల్లో సుమారు 600 మంది స్పెయిన్ నుంచి బయలుదేరారు. 1528 ఏప్రిల్‌లో ఫ్లోరిడా తీరంలో దిగారు. ఒక ఊళ్లో కాస్త బంగారం జాడ కనిపించింది. ఎక్కడిదని సైగలతో అడిగితే, దూరంగా ఉత్తరాన అపలాచీ అని ఊరివాళ్లు చెయ్యి చూపించారు. ఓడల్ని వదిలి 300 మంది అటు నడిచారు. అపలాచీలో మొక్కజొన్న ఉంది, బంగారం లేదు. తిరిగొచ్చేసరికి ఓడలు లేవు. గుర్రాల్ని కోసుకు తిన్నారు. రికాబులు, కళ్లేల ఇనుము కరిగించి మేకులు చేశారు, చొక్కాలు కుట్టి తెరచాపలు చేశారు, ఐదు పడవలు కట్టుకుని సముద్రంలోకి దిగారు. తుఫాను, ఆకలి, జబ్బులు. లోపలికి నడిచిన ఆ 300 మందిలో చివరికి మిగిలింది నలుగురు: కాబెసా దె వాకా, కాస్తీయో, దొరాంతెస్, ఆయన గులామ్ ఎస్తెవాన్.

ఆ నలుగురూ మూలవాసుల దగ్గర ఖైదీలుగా బతికారు. తర్వాత జబ్బుపడినవాళ్లకు దువా చేసి, చెయ్యి పెట్టి నయం చేసే హకీములుగా పేరు తెచ్చుకున్నారు. ఊరి నుంచి ఊరికి నడుస్తూ 1536లో పడమటి తీరంలోని స్పెయిన్ వాళ్లను చేరుకున్నారు. ఎనిమిదేళ్లు. దారిలో ఊరివాళ్లతో మాట్లాడింది, బాటలు కనుక్కున్నది, ముందు ఏ తెగ ఉందో తెలుసుకున్నది ఎస్తెవానేనని కాబెసా దె వాకాయే రాశాడు. దొరలు మర్యాద పోకుండా మౌనంగా ఉండేవారు, గులామ్ మాట్లాడేవాడు. మెక్సికో నగరం చేరాక ముగ్గురి వాంగ్మూలం రాసుకున్నారు. నాలుగో మనిషిని అడగలేదు.

ఆ వాంగ్మూలంలో బంగారు నగరం లేదు. దారిలో ఎవరో ఇచ్చిన రాగి గంట ఒకటి, ఉత్తరాన ఎత్తయిన ఇళ్లున్న పెద్ద ఊళ్లున్నాయని విన్న మాట ఒకటి. అంతే. కానీ వింటున్నవాళ్ల చెవుల్లో కహమార్కా గది మోగుతోంది. ఎత్తయిన ఇళ్లు, ఉత్తరం... ఏడుగురు బిషప్పుల ఏడు నగరాలు అవే కావూ?

1539 మార్చిలో రాజప్రతినిధి మెందోసా మార్కోస్ దె నీసా అనే ఫాదిరీని ఉత్తరానికి పంపాడు. దారి తెలిసినవాడు ఎస్తెవాన్ ఒక్కడే కాబట్టి ఆయన్ని వెంట పంపాడు. మిగతా ముగ్గురికీ కాదనే హక్కు ఉంది. ఈయనకు లేదు. ఫాదిరీ మధ్యలో ఒక ఊళ్లో ఆగి ఎస్తెవాన్‌ను ముందుకు పంపాడు. విన్నది ఓ మోస్తరు సంగతైతే జానెడు శిలువ పంపు, పెద్దదైతే రెండు జానలది, మెక్సికో కంటే గొప్పదైతే ఇంకా పెద్దది పంపు అన్నాడు. నాలుగు రోజులకు మనిషెత్తు శిలువ మోసుకుంటూ మనుషులొచ్చారు. ముందున్న ఏడు నగరాల్లో మొదటిదాని పేరు సీబోలా అని చెప్పారు.

తారిఖ్ ఫౌజ్‌కు భయపడి పారిపోయినవాళ్లు కట్టారన్న నగరాలు అవి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత వాటిని వెతుకుతూ అందరికంటే ముందు నడిచింది ముస్లిం ఊళ్లో పుట్టిన గులామ్. ఈ ఇత్తెఫాక్‌కు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఎస్తెవాన్ ఫాదిరీ కోసం ఆగలేదు. ఒంటి నిండా ఈకలు, గంటలు, చేతిలో హకీముల సొరకాయ బుర్ర, వెంట రెండు వేటకుక్కలు, వందల మంది జనం. ఇప్పుడు పక్కన దొర లేడు. సీబోలా అన్నది నేటి న్యూ మెక్సికోలో జూనీ జాతివాళ్ల ఊరు హావికూ. ఆయన ముందుగా పంపిన సొరకాయ బుర్రను ఆ ఊరి పెద్ద నేలకేసి కొట్టాడు. రావద్దన్నారు. వెళ్లాడు. ఊరి బయట ఇంట్లో ఉంచి ప్రశ్నలు వేశారు. ఫిరోజా రాళ్లను, ఆడవాళ్లను అడిగాడని స్పెయిన్ రాతల్లో ఉంది. తన వెనక తెల్లవాళ్లు వస్తున్నారని కూడా చెప్పాడట. వీడు జాసూస్, మనల్ని గెలవడానికి వచ్చేవాళ్లకు దారి చూపుతున్నాడని పెద్దలు అనుకున్నారు. చంపేశారు.

జూనీవాళ్ల వైపు నుంచి చూస్తే వాళ్లు అనుకున్నది తప్పు కాదు. మరుసటి ఏడే ఫౌజ్ వచ్చింది.

ఆ ఫౌజ్‌ను రప్పించింది ఫాదిరీ మాట. గుట్ట మీద నుంచి దూరంగా సీబోలాను చూశాననీ, అది మెక్సికో నగరం కంటే పెద్దదనీ చెప్పాడు. ఆయన అసలు అంతదూరం పోయాడా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆయన రాసిచ్చిన నివేదికలో సీబోలా నిండా బంగారం అని లేదు. మిగతాది బజారు కలిపింది. కొన్ని నెలల తర్వాత హవానాలో ఒక సాక్షి హల్ఫియా బయాన్ ఇచ్చాడు. తన అల్లుడు మంగలి, ఫాదిరీకి గడ్డం గీశాడట. గీస్తుండగా ఆయన చెప్పాడట, అక్కడి ఆడవాళ్ల మెడల్లో బంగారు పూసలు, మగవాళ్ల నడుములకు బంగారు పట్టీలు అని. ఫాదిరీ నుంచి మంగలికి, మంగలి నుంచి మామకు, మామ నుంచి రేవుకు. నేను ఇరవై ఏళ్లుగా అఖ్బార్‌లో పనిచేస్తున్నాను. ఖబర్ ఎలా పెరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి మిసాల్ నాకు దొరకలేదు.

1540లో కొరొనాదో బయలుదేరాడు. మూడొందల మందికి పైగా స్పెయిన్ వాళ్లు, వెయ్యి మందికి పైగా మెక్సికో మూలవాసులు. భార్య తెచ్చిన ఆస్తిని అందులో పెట్టాడు. జులైలో సీబోలా కనిపించింది. గుట్ట మీద రాయి, మట్టితో ఒకదానిపై ఒకటి కట్టిన ఇళ్లు. ఫాదిరీని సైనికులు తిట్టిన తిట్లను అక్కడే ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకుని రాశారు. ఊరిని కొట్టి లోపలికి దూరాక వాళ్లకు దొరికింది మొక్కజొన్న, చిక్కుళ్లు, టర్కీ కోళ్లు. ఆ రోజు అవే బంగారం కంటే విలువైనవిగా అనిపించాయని ఒకతను రాసుకున్నాడు.

ఇక్కడితో ఆగాలి కదా? ఖర్జా ఆగనిస్తుందా? ఆ చలికాలం వాళ్లకు మైదానాల నుంచి వచ్చిన ఒక మూలవాసి బందీ దొరికాడు. చూడ్డానికి తుర్కీవాడిలా ఉన్నాడని 'ఎల్ తుర్కో' అని పేరు పెట్టారు. తూర్పున కివీరా అనే దేశం ఉందన్నాడు. అక్కడి నదిలో చేపలు గుర్రాలంత, అక్కడి రాజు చెట్టు కింద నిద్రపోతే కొమ్మలకు కట్టిన బంగారు గంటలు జోల పాడతాయన్నాడు. 1541లో ఫౌజ్ అతని వెంట మైళ్లకొద్దీ గడ్డి మైదానాల్లో నడిచి ఇప్పటి కాన్సాస్ దాకా పోయింది. అక్కడ గడ్డి ఇళ్లు, ఒక పెద్దమనిషి మెడలో రాగి బిళ్ల. అప్పుడు తుర్కో ఒప్పుకున్నాడు: వీళ్లను మైదానాల్లోకి తీసుకెళ్లి దారి తప్పించు, గుర్రాలు ఆకలికి చస్తాయి, మనుషులు నీరసించి తిరిగొస్తే మేం చూసుకుంటామని ప్యూబ్లో ఊళ్లవాళ్లు తనతో చెప్పారని. ఆ రాత్రే అతని మెడకు తాడు బిగించారు.

అదే చలికాలం కొరొనాదో మనుషులు ఆ నది ఒడ్డు ఊళ్లలో దుప్పట్లు, తిండి లాక్కుని, ఎదిరించినవాళ్లను గుంజలకు కట్టి కాల్చారు. అది తెలిశాక తుర్కో చెప్పినదాన్ని ఝూట్ అని కొట్టేయడం నాకు చేతకాలేదు. ఫ్లోరిడా ఊరివాళ్లు 'అటు పోండి' అని చెయ్యి చూపించింది కూడా ఇలాగే అనిపించింది. ఇంటి ముందు కత్తి పట్టుకుని నిలబడి 'సోనా ఎక్కడ' అని అడిగేవాడికి 'ఇక్కడ లేదు' అంటే నమ్మడు. 'అదిగో, ఆ కొండ అవతల' అంటేనే కదులుతాడు. బంగారు నగరాల్లో కొన్నింటిని కట్టింది వచ్చినవాళ్ల లాలచ్ అయితే, కొన్నింటిని కట్టింది ఊరివాళ్ల భయం.

దక్షిణాన ఎల్ దొరాదో సంగతీ అంతే. ఆ మాటకు అర్థం నగరం కాదు, 'బంగారం పూసుకున్న మనిషి' అని. ఇప్పటి కొలంబియాలో గ్వాతవీతా సరస్సు దగ్గర మూయిస్కా జాతి నాయకుడు ఒంటికి బంగారు పొడి పూసుకుని చేసే రస్మ్ గురించి విన్న మాట అది. మనిషి కాస్తా నగరమైంది, నగరం కాస్తా దేశమైంది. వెతికిన చోటల్లా లేదని తేలితే, ఇంకా ఎవరూ వెతకని చోటికి జరిగింది. ఇంగ్లండ్ నుంచి వాల్టర్ రాలీ 1595లో ఒకసారి వెళ్లాడు. రెండోసారి కొడుకును పోగొట్టుకుని వచ్చాడు, 1618లో తల పోగొట్టుకున్నాడు. అతను చెప్పిన నగరం, దాని పక్కన సరస్సు మాత్రం ఇంకా చాలా ఏళ్లు నక్షాల్లో ఉన్నాయి.

1542లో కొరొనాదో చేతులు ఖాళీగా మెక్సికో చేరాడు. అతని పేరు మీద అమెరికాలో ఊళ్లున్నాయి, స్కూళ్లున్నాయి. ఆ దారిలో మొదట నడిచిన మనిషికి తన పేరే మిగల్లేదు. కాబెసా దె వాకా పుస్తకం 1542లో అచ్చయింది. దాని ముగింపులో బతికి బయటపడ్డవాళ్ల వివరాలిచ్చాడు. ముగ్గురికీ తండ్రుల పేర్లు, ఊరు. నాలుగో మనిషికి ఎస్తెవానికో అనే పిలుపు, నల్లవాడు, అరబ్బీ మాట్లాడేవాడు, అజెమ్మూర్ వాసి అని. అంతే.

అంతా విన్నాక మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "నగరం దొరికితే ఆయనకేం వచ్చేది అబ్బా?"

"హిస్సా యజమానికి పోతది బేటా. గులామ్‌కు హిస్సా లేదు."

"మరి లాలచ్ అన్నారు కదా?"

ఆ మాట నేను అన్నదే. మా ఉస్తాద్ బోర్డు మీద రాసిన మాట. కాబెసా దె వాకాకు, కొరొనాదోకు, పిజారోకు అది సరిపోవచ్చు. అజెమ్మూర్ కరువులో అమ్ముడై, పంపితే పోయి, తనది కాని ఖిస్సా కోసం తనకు తెలియని ఊళ్లో చచ్చిపోయిన మనిషికి సరిపోదు. దాదీ గాజులు పట్టుకుని విమానమెక్కిన మా చాచాకూ సరిపోదు.

మా అమ్మాయి నోట్సులో ప్రశ్న కింద 'లాలచ్' అని రాసుకున్నదాన్ని కొట్టేయలేదు. దాని పక్కన 'ఖర్జా' అని రాసింది. ఇంకో గీత వదిలి, 'అజెమ్మూర్' అని రాసి, మ్యాప్‌లో ఎక్కడుందో చూపించమంది. అట్లాస్ తెచ్చి ఇద్దరం వెతికాం. సముద్రం ఒడ్డున, కాసాబ్లాంకాకు కొంచెం కింద. చిన్న అక్షరాల్లో ఉంది.